చెప్పుల అల్మారాకి భేష్, కారుకి దండగ: చార్‌కోల్ సంచుల రివ్యూ

ముందు మార్కులు చెప్పేస్తా, చదివే ఓపిక లేనివాళ్లు అక్కడితో ఆగిపోవచ్చు. వస్తువు యాక్టివేటెడ్ చార్‌కోల్ సంచులు, అంటే లోపల లెక్కలేనన్ని సన్నటి రంధ్రాలు పడేలా తయారుచేసిన బొగ్గుతో నింపి, దుర్వాసన పోవడానికి పెట్టుకునేవి. గరుకు బట్టలో కుట్టినవి, ఒక్కోటి 200 గ్రాములు, తగిలించుకోవడానికి ఒక మూలన రింగు, ప్యాక్‌కి నాలుగు. చెప్పుల అల్మారాలో ఐదుకి ఐదు. బట్టల బీరువాలో నాలుగు. బాత్రూంలో రెండు, అదీ మొహమాటం కొద్దీ. హాల్లో సున్నా. కార్లో అయితే సున్నాకన్నా కిందికి వెళ్లే వీలుంటే అదే ఇచ్చేవాణ్ణి. సంచులు అటూ ఇటూ మార్చి చూశాను, ఏ సంచి పెట్టినా ఆ చోటికి అవే మార్కులు. అందుకే "పనిచేస్తుందా, చెయ్యదా" అని అడిగితే సూటిగా జవాబు చెప్పలేను. ఏ వాయువు మీద, ఎంత మూసి ఉన్న చోట, ఎంత వేడిలో, ఎంత తేమలో అని అడగాలి. ప్యాక్ మీద ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. "గదిలోని గాలిని శుద్ధి చేస్తుంది, విషవాయువుల్ని పీల్చేస్తుంది, నెలకోసారి ఎండలో పెడితే రెండేళ్లు వస్తుంది" అని మాత్రం పెద్దక్షరాల్లో ఉంది.

ఒక సంచి కుట్టు ఊడదీసి చూశాను. లోపల రెండు మూడు మిల్లీమీటర్ల నల్లటి పలుకులు, అడుగున కాస్త పొడి. గాజు గ్లాసులో నీళ్లు పోసి చెంచాడు వేస్తే చిటపటమంటూ సన్నటి బుడగలు వరసకట్టి పైకొచ్చాయి. కొన్ని పలుకులు కాసేపు తేలి, బుడగలు వదిలాక మెల్లగా మునిగాయి. నీళ్లు రంధ్రాల్లోకి చొరబడుతుంటే అక్కడున్న గాలి అలా బయటికి వస్తుంది. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోగల పరీక్ష. మామూలు కట్టెబొగ్గు ముక్క వేస్తే ఇంత హడావుడి ఉండదు. మీరు కొన్న సంచిలో పలుకులు చడీచప్పుడు లేకుండా మునిగిపోతే అది సరిగ్గా యాక్టివేట్ చేసిన సరుకు కాకపోవచ్చు, లేదా గోడౌన్‌లోనే తేమతో నిండిపోయి ఉండొచ్చు. నాకొచ్చింది పరవాలేదు, బుడగలు బాగానే వచ్చాయి. అంటే సరుకులో మోసం లేదు, ఉన్నదంతా లేబుల్‌లోనే.

అసలు సంగతంతా ఆ రంధ్రాలే. బొగ్గుని ఆవిరిలోనో కార్బన్ డయాక్సైడ్‌లోనో 800 నుంచి 1000 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులో కొంత కార్బన్ వాయువుగా మారి పోయి సందులు పడతాయి, సందుల్లో మళ్లీ సందులు. వీటిలో 2 నానోమీటర్లకన్నా సన్నటివే వాయువుల్ని గట్టిగా పట్టేవి, పెద్దవి ఎక్కువగా లోపలికి దారి ఇవ్వడానికే. మంచి సరుకైతే గ్రాముకి సుమారు 1000 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. ఆ లెక్కన 200 గ్రాముల సంచిలో 2 లక్షల చదరపు మీటర్లు, దగ్గర దగ్గర 50 ఎకరాలు! నమ్మబుద్ధి కాదు గానీ కొలిచే పద్ధతి ఉంది. ద్రవ నైట్రోజన్ చల్లదనంలో, అంటే 77 కెల్విన్ దగ్గర, దాని మీద ఎంత నైట్రోజన్ పట్టిందో చూస్తారు. ఒక్కో అణువు 0.162 చదరపు నానోమీటర్ల చోటు తీసుకుంటుందని తెలుసు కాబట్టి గుణిస్తే వైశాల్యం వచ్చేస్తుంది. 1938లో బ్రునవర్, ఎమ్మెట్, టెల్లర్ అనే ముగ్గురు ఇచ్చిన పద్ధతి ఇది. ఆ టెల్లర్ ఎవరో కాదు, తర్వాత హైడ్రోజన్ బాంబుతో పేరు మోసిన ఎడ్వర్డ్ టెల్లరే. నా ప్యాక్ మీద ఈ వైశాల్యం అంకె లేదు, అది లేకపోయినా అయొడిన్ నంబరు ఉంటే సర్దుకుపోయేవాణ్ణి. ఒక గ్రాము కార్బన్ ఎన్ని మిల్లీగ్రాముల అయొడిన్‌ని పట్టుకుంటుందో చెప్పే అంకె అది, 900 పైన ఉంటే మంచి సరుకు. అదీ లేదు.

ఎందుకు పట్టుకుంటుందంటే, ఘనపదార్థం లోపలి పరమాణువుకి నాలుగు పక్కలా పొరుగువాళ్లుంటారు, ఉపరితలం మీదిదానికి ఒక పక్క ఎవరూ ఉండరు. ఆ పక్కన వాడకుండా మిగిలిన ఆకర్షణతో దగ్గరికొచ్చిన వాయు అణువుని అది లాక్కుంటుంది. పుస్తకాల్లో అధిశోషణం అనేది దీన్నే. సన్నటి సందులో అయితే రెండు గోడలూ లాగుతాయి, పట్టు ఇంకా గట్టిగా ఉంటుంది. అయినా ఇది వాండర్ వాల్స్ బలమే, అంటే అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణ, రసాయన బంధం కాదు. చిన్న అణువులకి మోల్‌కి 20 నుంచి 40 కిలోజౌళ్ల లెక్కలో ఉంటుంది. పట్టుకునేటప్పుడు ఈ వేడి బయటికొస్తుంది, అంటే తిరిగి అంత వేడి అందితే అణువు విడిపోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, కారు దగ్గర పనికొస్తుంది.

ఇక ఏ వాయువు బాగా అంటుకుంటుంది? సులభంగా ద్రవంగా మారేది బాగా అంటుకుంటుంది. సరిగ్గా చెప్పాలంటే క్రిటికల్ టెంపరేచర్ (అది దాటాక ఎంత నొక్కినా వాయువు ద్రవం కాదు) చూడాలి గానీ, మనలాంటివాళ్లకి మరిగే ఉష్ణోగ్రత చూసుకుంటే చాలు. చెమట పట్టిన బూట్ల కంపులో పెద్ద వాటా ఐసోవలెరిక్ యాసిడ్‌ది, అది మరిగేది 176 డిగ్రీల దగ్గర. అంత బరువైన అణువు కార్బన్ సందులో పడితే మళ్లీ బయటికి రావడం కష్టం. పెయింట్, థిన్నర్ వాసనలో ఉండే టోలీన్ 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అదీ బాగానే దొరుకుతుంది. కొత్త ప్లైవుడ్ నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ మరిగేది మైనస్ 19 దగ్గర, బాత్రూం అమ్మోనియా మైనస్ 33, డ్రైనేజీ కంపులోని హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 60. ఈ మూడింటినీ మామూలు కార్బన్ అంతంతమాత్రంగా పట్టుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ అయితే మైనస్ 191, ఇంటి ఉష్ణోగ్రతలో దాదాపు అస్సలు పట్టుకోదు.

ఈ చివరిది రివ్యూలో సరదాగా రాసేది కాదు, కాస్త సీరియస్‌గా చదవండి. "విషవాయువుల్ని పీల్చేస్తుంది" అన్న మాట నమ్మి గ్యాస్ హీటరో జనరేటరో నడిచే మూసిన గదిలో (వాటి పొగలో వచ్చేది ఈ కార్బన్ మోనాక్సైడే) ఈ సంచి పెట్టుకుని ధైర్యంగా పడుకుంటే ప్రాణం పోవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ కోసం మాస్కుల్లో హాప్కలైట్ అని మాంగనీస్, కాపర్ ఆక్సైడ్ల మిశ్రమం వేరే వాడతారు. అది పట్టుకోవడంతో ఆగదు, దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. ఇంట్లో అయితే జనరేటర్ లోపల నడపనే కూడదు, హీటర్ ఉంటే అలారం పెట్టుకోవాలి, కిటికీ తీయాలి. ఇంత పెద్ద ప్యాక్ మీద ఈ హెచ్చరికకి రెండు లైన్ల చోటు దొరకలేదా అని నా కోపం.

అలాగని చార్‌కోల్‌ని తక్కువ చేయడం లేదు. బొగ్గు వాయువుల్ని పట్టుకుంటుందని స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే 1773లోనే గమనించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో విషవాయువులతో యుద్ధం మొదలైనప్పుడు రష్యాలో జెలిన్‌స్కీ అనే రసాయన శాస్త్రవేత్త యాక్టివేటెడ్ చార్‌కోల్‌తో మాస్కు చేశాడు. క్లోరిన్‌లాంటి వాయువుల మీద అది పనిచేసింది. 1918 నాటికి అమెరికాలో మాస్కుల బొగ్గు కోసం పీచ్ పండ్ల టెంకల్ని జనం దగ్గర సేకరించారు, టెంకల బొగ్గు గట్టిగా ఉండి సన్నటి సందులు ఎక్కువగా ఉంటాయని. కొబ్బరి చిప్పల బొగ్గుకి ఇప్పటికీ గిరాకీ ఉన్నది అందుకే. అయితే మాస్కులో మనిషి ఊపిరి గాలిని బొగ్గు గుండా లాగుతుంది. గాలి మొత్తం దాని మధ్యలోంచి వెళ్లక తప్పదు. మన సంచికి ఆ వసతి లేదు. రింగుకి వేలాడుతూ వాసన తనదాకా వచ్చేవరకు ఎదురు చూడాలి.

హాల్లో సున్నా వచ్చింది ఇక్కడే. కదలని గాలిలో ఒక ఆవిరి అణువు తనంతట తాను 10 సెంటీమీటర్లు పాకడానికి సుమారు పావుగంట పడుతుంది. మీటరు పాకాలంటే పది రెట్లు కాదు, వంద రెట్లు, అంటే ఒక రోజుకి పైనే. దూరం పెరిగితే టైము దాని వర్గంలో పెరుగుతుంది. చెప్పుల అల్మారాలో ప్రతి బూటూ సంచికి జానెడు దూరంలో ఉంటుంది, తలుపు మూసి ఉంటుంది, వచ్చే వాసన కొద్ది. తెల్లారేసరికి తేడా తెలిసింది, తలుపు తీయగానే మొహం తిప్పుకోవాల్సిన అవసరం పోయింది. హాల్లో ఫ్యాను గాలిని తిప్పుతుంది నిజమే, కానీ ఆ గాలే కిటికీలోంచి బయటికి పోయి కొత్తది వస్తూ ఉంటుంది, సోఫా నుంచీ పెయింట్ నుంచీ వాసన ఊరుతూనే ఉంటుంది. వీటి మధ్య మూలన వేలాడే 200 గ్రాముల సంచి చేసేది లెక్కలోకి రాదు. కిటికీ పావుగంట తీసిపెడితే నాలుగు సంచులకన్నా ఎక్కువ ఫలితం కనిపించింది, పైగా అది ఉచితం.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఉపరితలం అంటే సీట్లున్న బస్సు. మొదట ఎక్కినవాళ్లందరికీ సీటు దొరుకుతుంది, బస్సు నిండేకొద్దీ కొత్తగా ఎక్కేవాళ్లలో నిలబడి దిగిపోయేవాళ్లు పెరుగుతారు. బల్బుల కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1918లో దీన్ని సమీకరణంగా రాశాడు, ఉపరితలాల మీద చేసిన పనికి 1932లో నోబెల్ వచ్చింది. అందులోంచి తేలేది రెండు సంగతులు. గాలిలో వాయువు ఎక్కువుంటే ఉపరితలం ఎక్కువ నిండుతుంది, ఒక హద్దు దాటాక ఎంత పెంచినా ఇక పట్టదు. గాలిలో వాయువు తక్కువుంటే పట్టేది కూడా తక్కువే. మొదటిది అందరికీ తెలుసు, రెండోది ఎవరూ చెప్పరు. "తన బరువులో ఇంత శాతం పీల్చుకుంటుంది" అని ఎవరైనా రాస్తే అది చాలావరకు గాఢమైన ఆవిరితో ల్యాబ్‌లో కొలిచిన అంకె. ఇంట్లో వాసనలు పదిలక్షల్లో ఒకటో రెండో వంతులుంటాయి, ఆ స్థాయిలో అదే కార్బన్ అందులో కొద్ది భాగమే పట్టుకుంటుంది. నిజం చెప్పాలంటే చార్‌కోల్ లాంగ్‌మ్యూర్ ఊహించినంత నున్నటి ఉపరితలం కాదు, ఒక్కో సందుకి ఒక్కో బలం, అలాంటి ఉపరితలాలకి వాడే ఫ్రాయిండ్లిక్ సూత్రం దీనికి ఇంకా దగ్గరగా నప్పుతుంది. కొనేవాళ్లకి మాత్రం బస్సు చాలు.

బాత్రూం సంగతి తేమ. 50 శాతం లోపు తేమలో కార్బన్ నీటిని పెద్దగా పట్టించుకోదు. అది దాటి ఇంకా పైకి వెళ్లేకొద్దీ సన్నటి సందుల్లో నీళ్లు చేరడం ఒక్కసారిగా పెరుగుతుంది. వంటింటి తూకం మీద పెట్టి చూస్తే బాత్రూంలోంచి తీసిన సంచి 231 గ్రాములు చూపించింది, అంటే వాసనకి ఉంచాల్సిన చోట 31 గ్రాములు దాదాపు అంతా నీళ్లే. బాత్రూంలో అసలు శత్రువు అమ్మోనియా, దాన్నేమో ఇది సరిగ్గా పట్టదు. ఫాస్ఫారిక్ యాసిడ్ పట్టించిన కార్బన్ అయితే పని అవుతుంది, ఎందుకంటే అక్కడ జరిగేది రసాయన చర్య. అమ్మోనియా ఉప్పుగా మారి ఉండిపోతుంది, ఎండలో పెట్టినా రాదు, పని అయ్యాక పారెయ్యడమే. హైడ్రోజన్ సల్ఫైడ్, ఫార్మాల్డిహైడ్‌లకి పర్మాంగనేట్ పట్టించిన అల్యూమినా పలుకులు దొరుకుతాయి, ఊదా రంగులో ఉండి పని అయిపోయేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతాయి. బాత్రూంకి చార్‌కోల్ కొనేముందు ఎగ్జాస్ట్ ఫ్యాను బాగుచేయించుకోండి.

ఎండలో పెట్టడం గురించి. ఆ 231 గ్రాముల సంచి రోజంతా మంచి ఎండలో ఉంచితే 209కి దిగింది. చూసినవాళ్లకి "అబ్బ, చార్జ్ అయిపోయింది" అనిపిస్తుంది. పోయింది నీళ్లు. అది కూడా లాభమే, కాదనను, నీళ్లు ఖాళీ చేసిన చోట వాసన కూర్చోవచ్చు. కానీ సందుల్లో దిగబడిన టోలీన్‌లాంటివి సంచి ఎక్కగలిగే 50, 60 డిగ్రీలకి పూర్తిగా వదలవు, కొంత పైపైన పోతుంది. ఫ్యాక్టరీల్లో వాడిన కార్బన్‌ని తిరిగి బాగుచేయాలంటే ఆవిరి పంపిస్తారు, బాగా మొండిదైతే 800 డిగ్రీల పైన కొలిమిలో వేస్తారు. మేడమీద తాడుకి కట్టి ఆ పని అవ్వదు. ఓవెన్‌లో పెట్టొచ్చా అని అడుగుతారు, వద్దు. బట్ట అంటుకోవచ్చు, ఆ ఆవిర్లు మీ ఇంట్లోకే వస్తాయి, బొగ్గు రాజుకుంటే ఆర్పడం కష్టం. రెండేళ్లు అన్న మాట తీసిపారేసి, చెప్పుల అల్మారాలో వాసన మళ్లీ తెలిసినరోజు మార్చండి, అదొక్కటే నమ్మకమైన మీటర్.

ఇప్పుడు కారు. ఎండలో నిలబెట్టిన కారు లోపల 60 డిగ్రీలదాకా వెళ్లొచ్చు. ఆ వేడికే కదా సంచిని "రీచార్జ్" చేయమన్నది! అంటే రాత్రి చల్లగా ఉన్నప్పుడు సీట్ల ప్లాస్టిక్ వాసనని సంచి కాస్త పోగుచేసుకుంటుంది, మధ్యాహ్నం కారు కాలిపోతుంటే అందులో కొంత తిరిగి కక్కేస్తుంది, సరిగ్గా మీరు తలుపు తీసి కూర్చునే వేళకి. ఒకే సంచి నీడలో పట్టుకోవాలి, ఎండలో వదలాలి, కారులో రెండూ ఒకే చోట జరుగుతాయి. ఆపై ఎవరైనా అత్తరు బాటిల్ తగిలించారనుకోండి, కార్బన్‌కి అదీ ఒక ఆవిరే, సందులన్నీ దానితో నిండిపోతాయి. గట్టిగా అంటుకునే అణువులు వస్తే పాతగా వదులుగా అంటుకున్నవాటిని బయటికి నెట్టేస్తాయి కూడా. పాత కార్బన్ ఫిల్టర్ ఉన్న, గాలి శుద్ధి చేసే మెషీన్ వర్షాకాలంలో ఉన్నట్టుండి వింత వాసన కొట్టడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే, తేమ వచ్చి కూర్చుని పాతవాళ్లని లేపేస్తుంది.

ఎయిర్ ప్యూరిఫయర్‌లో కూడా కార్బన్ ఉంటుంది కదా అంటే, ఉంటుంది, ఎంత ఉందన్నదే ప్రశ్న. చవక మోడళ్లలో నల్లటి స్పాంజికి పొడి అద్ది వదిలేస్తారు, తూస్తే కొద్ది గ్రాములు. కొన్నిటిలో తేనెపట్టు గళ్లలో పలుకులు నింపిన మందపాటి పెట్టె ఉంటుంది, వాసన మీద పనిచేసేది అది. కొనేటప్పుడు "కార్బన్ ఫిల్టర్ ఉందా" అని కాదు, "ఎన్ని గ్రాములు" అని అడగండి. దుమ్ము, పొగ కణాలు హెపా ఫిల్టర్ పని, వాటికి చార్‌కోల్ సంచితో సంబంధం లేదు. నా ప్యాక్ మీద బ్యాక్టీరియాని చంపుతుందనీ నెగటివ్ అయాన్లు వదులుతుందనీ కూడా ఉంది. ఒక మూలన ఊరికే వేలాడే బొగ్గు ఆ రెండూ చేయదు. అమ్మినవాళ్లకి మెసేజ్ పెట్టి అయొడిన్ నంబర్ ఎంతో, బొగ్గు దేనితో చేశారో అడిగితే "ఇది నూరు శాతం సహజమైనది సర్" అని జవాబు వచ్చింది. సహజం సరే, అడిగింది అది కాదు కదా.

బట్టల బీరువాకి ఒక మార్కు తగ్గించింది కూడా తేమ గురించే. అక్కడ అసలు ఇబ్బంది ముక్కిన వాసన, దానికి మూలం తేమ, తేమకి సరైన మందు సిలికా జెల్. అది నీటితో కాస్త గట్టిగానే బంధం వేసుకుంటుంది, గాలి బాగా తేమగా ఉంటే తన బరువులో మూడో వంతు దాకా నీళ్లు పట్టగలదు, 120 డిగ్రీల దగ్గర ఆరబెడితే మళ్లీ కొత్తదే. రంగు మారే గుళికలుంటాయి. నీలం నుంచి గులాబీకి తిరిగేవాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు, చిన్నపిల్లలున్న ఇంట్లో నారింజ రంగువి తీసుకోండి. బీరువాలో నేను చార్‌కోల్ ఒకటి, జెల్ ఒకటి పక్కపక్కన పెట్టాను. తేమని జెల్ లాగేస్తుంటే చార్‌కోల్‌కి వాసన పట్టుకోవడానికి చోటు మిగిలింది, విడివిడిగా పెట్టినప్పటికన్నా తేడా స్పష్టంగా తెలిసింది.

ఈ ప్యాక్ అయిపోయాక ఇదే మళ్లీ కొనను. చేపల తొట్టి ఫిల్టర్లకి అమ్మే పలుకులు అయొడిన్ నంబర్ రాసి దొరుకుతాయి, అవి విడిగా కొని దళసరి కాటన్ గుడ్డలో రెండు పొరలుగా కుట్టుకుంటా. మీరూ అదే చేసేటట్టయితే పలుకుల్ని ముందు బయట జల్లెడ పట్టి పొడి తీసెయ్యండి, మూతికి గుడ్డ కట్టుకుని. నాకొచ్చిన సంచుల్లో ఒకదాని కుట్టులోంచి ఆ పొడి రాలి బీరువాలో తెల్ల చొక్కా కాలరు మీద పడింది, ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ మరక ఇంకా అలాగే ఉంది.